లేని కార్టుకి పళ్ళచక్రం

ఆ మంగళవారం ఉదయం నొర్బెర్తో క్వాలియా పెట్టుకున్న పని ఒక్కటే. పిండి వత్తే మిషను చైను తెగిపోయింది. వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చి, బిగించి, మధ్యాహ్నం జనం వచ్చేలోగా రెండు పళ్ళాల పాస్తా కోసి ఆరబెట్టాలి. అంతే. అంతకు మించిన ఆశలు అతనికి ఆ ఉదయం లేవు. ఉన్నా, చైనుతో సంబంధం ఉన్నవి కావు.

కొలోనియా బెల్లోరాలో క్వాలియా వాళ్ళ పాస్తా దుకాణం తెలియనివాళ్ళు లేరు. అక్క దేలియా గల్లా దగ్గర, తమ్ముడు పిండి దగ్గర. పెళ్ళి చేసుకోనని దేలియా ఇరవయ్యో ఏటే ప్రకటించింది. నొర్బెర్తో ఏమీ ప్రకటించలేదు, చేసుకోనూ లేదు. యాభై దాటాక ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేరు.

చైన్లు దొరికే చోటు ఊళ్ళో ఒకటే ఉంది. ప్లాజాకి అటుపక్క పౌతాస్సో వాళ్ళ కార్టు సామాన్ల షాపు. ఆ ఊరి మగవాళ్ళకి వ్యవసాయం జీవనం, మట్టి ట్రాకు మీద కార్టులనే చిన్న ఇంజను బండ్ల పందేలు ప్రాణం. పదిహేనేళ్ళవాడి నుంచి మనవల్ని ఎత్తినవాడి దాకా అందరూ నేలకి జానెడెత్తులో కూర్చుని దుమ్ము తింటూ తిరిగేవాళ్ళే. నొర్బెర్తో మాత్రం ఎప్పుడూ ఆ జోలికి పోలేదు. అతనికి పిండి దుమ్మే సరిపోయేది.

అయినా ఆ షాపు వైపు అతను చూడని రోజు లేదు. ముసలి పౌతాస్సోకి కాలు పడిపోయాక, కూతురు గ్రిసెల్దా రొసారియో నుంచి వచ్చి షాపు చేతిలోకి తీసుకుంది. వెళ్ళేటప్పుడు భర్తతో వెళ్ళిన మనిషి, వచ్చేటప్పుడు ఒక పెట్టెతో వచ్చింది. ఏం జరిగిందని అడిగినవాళ్ళకి, "బస్సు లేటైంది" అని చెప్పింది. అప్పటి నుంచి మధ్యాహ్నం కునుకు వేళ దాటగానే ఆమె షట్టరు ఎత్తే చప్పుడు కోసం నొర్బెర్తో చెవులు రిక్కించుకుని ఉండేవాడు. చప్పుడు వినగానే ఆవిరి పట్టిన కిటికీ అద్దాన్ని మోచేత్తో తుడిచేవాడు. ఆమె గుమ్మం ముందు పాత టైరు మీద కూర్చుని, మాతే ఆకు వేసిన బుర్రలో వేడినీళ్ళు పోసుకుని, గొట్టంతో మెల్లగా పీలుస్తూ ఎటో చూసేది. ఎటు చూస్తోందో తెలుసుకోవాలని అతనికి ఎంతో కోరిక. ఈలోగా అద్దం మళ్ళీ మసకబారేది.

ఆ మంగళవారం అతను షాపులోకి అడుగుపెట్టేసరికి బల్ల మీద మోచేతులు ఆనించి ముగ్గురు పెద్దమనుషులు కబుర్లు చెప్పుకుంటున్నారు. మధ్యలో ఉన్నది కార్టు క్లబ్బు అధ్యక్షుడు దోన్ రుఫీనో. పోయిన వారం ఎవరో కుట్టుమిషను బెల్టు ఉందా అని అడిగితే ఈ ముగ్గురూ అతనికి దర్జీ అని పేరు పెట్టారు. ఇప్పుడు సొంత పెళ్ళాం కూడా అతన్ని అలాగే పిలుస్తోందని వినికిడి.

"చెప్పండి, ఏం కావాలి?" అంది గ్రిసెల్దా.

"చైను."

"దేనికి?"

నొర్బెర్తో ముగ్గురి వైపు చూశాడు. ముగ్గురూ అతని వైపు చూశారు. 'పిండి మిషనుకి' అన్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"కార్టుకి" అన్నాడు.

గ్రిసెల్దా ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. ఆ చూపు ఇన్నాళ్ళూ అతను అద్దంలోంచి చూసిన చూపు కాదు. ఇది సరిగ్గా అతని మీదే వాలింది.

"మీకు కార్టుందా?"

"ఉంది. అంటే... ఇంజను మారుస్తున్నాను."

"ఏది తీసి ఏది పెడుతున్నారు?"

అతనికి తెలిసిన ఇంజను ప్రపంచంలో ఒకటే, ఇంటింటికీ పాస్తా వేసే తన మోటార్‌సైకిల్‌ది. "నూట పది సీసీది పెడుతున్నాను. పాతది... అరిచే రకం."

"రెండు స్ట్రోకులదా?"

"అదే."

అంతే, ఆమె మొహం వెలిగింది. బల్ల కిందనుంచి రెండు పళ్ళచక్రాలు తీసి అతని ముందు పెట్టింది. ఒకటి అరచేతిలో ఇమిడేది, ఇంకొకటి పళ్ళెమంత. "చైను సంగతి తర్వాత. ముందు ఇవి చూడండి. చిన్నది ఇంజనుకి, పెద్దది వెనక ఇరుసుకి. పెద్దదాని పళ్ళని చిన్నదాని పళ్ళతో భాగిస్తే వచ్చేదే మీ బతుకు. ఆ అంకె పెద్దదైతే బండి ఎద్దులా లాగుతుంది, కానీ పరిగెత్తదు. చిన్నదైతే తిన్నటి దారిలో గాలిలా పోతుంది, మలుపు తిరిగి లేవమంటే మూలుగుతుంది. పాత ఇంజను కీచుమని అరుస్తూ గిర్రున తిరిగేది కదా, దానికి వెనక పెద్ద చక్రం కావాలి. ఈ నూట పది నింపాదిగా నమిలి మింగే రకం. దానికి వేసింది దీనికి వేస్తే ఇంజను గొంతు చించుకుంటుంది, మీరు అక్కడే ఉంటారు."

"నింపాదిగా నమిలే రకానికి ఏది నప్పుతుంది?" అని అడిగాడు నొర్బెర్తో. అడిగింది ఇంజను గురించేనా అని తనకే అనుమానం వచ్చింది.

"అదే కదా తెలియాల్సింది" అంది ఆమె. "మన ట్రాకులో తిన్నటి దారి ఎక్కువ. నలభై మూడుతో మొదలుపెట్టండి. బాగోకపోతే వచ్చి చెప్పండి."

'వచ్చి చెప్పండి' అన్న మాటని చేతుల్లో పట్టుకున్నట్టు పట్టుకుని అతను ఇంటికొచ్చాడు. చంకలో నలభై మూడు పళ్ళ చక్రం ఉంది. చైను లేదు.

"చైనేదిరా?" అంది దేలియా.

"ముందు నిష్పత్తి తేలాలిట అక్కా."

దేలియా అతని నుదురు ముట్టుకుని చూసింది. మర్నాడే బస్సెక్కి రఫాయేలా పట్నం వెళ్ళి చైను తనే తెచ్చుకుంది. మిషను నడిచింది. పళ్ళచక్రాన్ని పిండి బస్తాల పక్కన మేకుకి తగిలించారు.

ఇక నొర్బెర్తోకి పౌతాస్సో షాపుకి వెళ్ళాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. అందుకే ఆ తర్వాతి మంగళవారం గడ్డం నున్నగా గీసుకుని వెళ్ళాడు.

"మలుపులో మూలుగుతోంది" అన్నాడు.

"ఏ మలుపులో?"

"అన్నిట్లోనూ."

గ్రిసెల్దా గంభీరంగా తలూపి నలభై అయిదు పళ్ళది ఇచ్చింది. పై వారం "తిన్నటి దారిలో చతికిలపడింది" అంటే నలభై ఒకటి చేతిలో పెట్టింది. ఒకసారి ముందు చక్రం మార్చమంది. ఒకసారి అన్నిటికంటే పెద్దది, వంటపళ్ళెం కంటే వెడల్పైనది చేతికిచ్చి, "ఇది ఎవరూ వాడరు, కానీ తేడా తెలుస్తుంది, పట్టుకెళ్ళండి" అంది. మధ్యలో ఎప్పుడో మాతే బుర్ర అతనికీ అందించింది. ఇంకెప్పుడో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ 'నువ్వు' విన్న రోజున నొర్బెర్తో రవియోలీ పాస్తాలోకి కూరే పాలకూరలో ఉప్పు వేయడం మరిచిపోయాడు. ఊళ్ళో ఒక్కరూ ఆ మాట అనలేదు. క్వాలియా వాళ్ళ రవియోలీలకి వంక పెట్టే సంస్కృతి ఆ ఊళ్ళో లేదు.

అతని కోరిక పెద్దదేమీ కాదు. ఆ టైరు పక్కన ఇంకో టైరు వేసుకుని, ఆమె చూసే వైపు చూస్తూ కూర్చోవాలని. కానీ అది అడగడానికి ఏ చక్రమూ సరిపోయేలా కనిపించలేదు.

ఇలా ఉండగా ఒక ఉదయం దోన్ రుఫీనో టోపీ తీసి పాస్తా దుకాణంలోకి వచ్చాడు.

"ఏమయ్యా నొర్బెర్తో, ఆ రోజు షాపులో నా చెవులతో విన్నదే ఇప్పుడు ఊరంతా అంటోంది. నూట పది పెట్టి కార్టు కడుతున్నావుట!"

"అబ్బే, ఇంకా చూస్తున్నానండీ..."

"చూడ్డమేంటి! ఊరి పండగనాడు యాభై దాటినవాళ్ళ పందెం ఉంది. తొమ్మిది మందే తేలారు. పదిమంది లేకపోతే పందెం పెట్టొద్దని రూలు. పదోవాడివి నువ్వే, పేరు రాసేశాను. ఈ సంగతి గ్రిసెల్దాకి చెబితే ఎంత నవ్విందనుకున్నావు! సంతోషంతోనే లే."

కాదనడానికి నొర్బెర్తో నోరు తెరిచాడు. 'ఎంత నవ్విందనుకున్నావు' అన్న మాట అతని నోరు మూసింది.

దోన్ రుఫీనో వెళ్ళాక దేలియా చేతులు నడుముకి పెట్టుకుంది. "నువ్వు సైకిలెక్కితే కుక్కలు కూడా జాలిపడి పక్కకి తప్పుకుంటాయి. కార్టు పందెమా నీకు? అసలు కార్టేదిరా?"

"సంపాదించాలి అక్కా."

సంపాదించాడు. ఊరి చివర ఎర్మెలిందా అనే విధవరాలి కోళ్ళ గూట్లో, ఆమె భర్త పోయినప్పటి నుంచి ఒక కార్టు పడి ఉంది. సీట్లో ఒక కోడి పొదుగుతోంది. ఆదివారం ఆదివారం రవియోలీలు పంపిస్తానంటే ఎర్మెలిందా ఒప్పుకుంది, కోడి ఒప్పుకోలేదు. పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చే దాకా ఆగాల్సి వచ్చింది, ఆ పిల్లలూ కార్టు వెంటే వచ్చేశాయి. తెచ్చి చూస్తే ఇంజను తుప్పుపట్టి బండరాయిలా ఉంది. అబద్ధంగా మొదలైన ఇంజను మార్పిడి ఆ విధంగా నిజమై కూర్చుంది. వెల్డింగ్ చేసే పెద్రాసా వచ్చి మోటార్‌సైకిల్ ఇంజను ఊడబీకి కార్టుకి అతికించాడు. మర్నాటి నుంచి దేలియా పాస్తా బుట్టలు చేత్తో మోస్తూ ఇంటింటికీ నడిచింది. దారి పొడుగునా తమ్ముణ్ణి తిడుతూ నడిచింది కాబట్టి ఆమె వస్తున్నట్టు జనానికి ముందే తెలిసేది. గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడేవాళ్ళు. ఒక రకంగా అమ్మకాలు పెరిగాయి.

అసలు ముప్పు వేరే వైపు నుంచి వచ్చింది. ఒక శనివారం, రవియోలీలు కోసే చిన్న చక్రం పిడి విరిగింది. ఎదురుగా నలుగురు కొనేవాళ్ళు. దేలియా గోడవైపు చూసింది. మేకుకి వేలాడుతున్న పళ్ళచక్రాల్లో నలభై ఒక్క పళ్ళది తీసి, మరిగే నీళ్ళలో ముంచి తోమి, పిండి మీద దొర్లించింది. పాలకూర కూరిన రవియోలీలకి చుట్టూ ముద్దుగా పళ్ళ అంచు వచ్చింది. మొదటి ఆవిడ "అబ్బ, ఎంత బాగున్నాయి" అంది. రెండో ఆవిడ రెండింతలు తీసుకుంది. సాయంత్రానికి ఊరంతా 'పళ్ళ రవియోలీ' అనే మాటే. మర్నాడు చర్చి నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే దుకాణం ముందు వరస కట్టారు.

ఆ వరసలో, మొట్టమొదటిసారి, గ్రిసెల్దా కూడా ఉంది. ముసలి పౌతాస్సో ఎవరి నోటో విని, సూపు వద్దు పళ్ళ రవియోలీ కావాలని మొండికేశాడట. నొర్బెర్తో లోపల పిండి కలుపుతూ ఆమె గొంతు విని చేతులు తుడుచుకునే లోపే ఆమె పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పూటంతా అతను ఆమె తన చేతి రవియోలీ తింటున్న దృశ్యం ఊహించుకుంటూ, పిండికి బదులు పంచదార మీద మిషను తిప్పాడు.

మంగళవారం పౌతాస్సో షాపుకి వెళ్ళేసరికి ఆమె బల్ల మీద ఒక ఉడకని రవియోలీ ఉంది. ఎండి గట్టిపడింది. దాని పక్కన, అంచుకి అంచు ఆనించి, ఒక నలభై ఒక్క పళ్ళ చక్రం ఉంది. పన్నుకి పన్ను అతికినట్టు కుదిరాయి.

"మీకేం కావాలండీ?" అంది గ్రిసెల్దా.

ఆ 'అండీ' చెవిన పడగానే, ఈ వారం చెప్పాలని దారి పొడుగునా తయారు చేసుకున్న మూలుగుని నొర్బెర్తో మరిచిపోయాడు.

"గ్రిసెల్దా, అది మా అక్క..."

"వారం వారం వచ్చి మలుపులో మూలుగుతోంది, దారిలో చతికిలపడింది అంటే, నేను పిచ్చిదానిలా లెక్కలు వేసి ఇచ్చాను. అంచు సన్నంగా రాలేదా? ఇంకో సైజు కావాలా? చతురస్రంగా కోసేవి మా దగ్గర ఉండవు."

"నిజంగా కార్టుంది. పందెంలో కూడా పేరు ఇచ్చాను. పండగనాడు నువ్వే చూద్దువు గాని."

"చూస్తానులెండి. ఆ రోజు సామాన్ల వ్యాను తీసుకొస్తాను, అది నా పని కాబట్టి." ఆమె రవియోలీని తీసి చెత్తబుట్టలో పడేసింది. కాసేపాగి, తండ్రి అడుగుతాడేమోనని మళ్ళీ తీసింది.

ఆ తర్వాతి రోజుల్లో షట్టరు చప్పుడు వినపడేది కానీ టైరు మీద ఎవరూ కూర్చునేవారు కాదు. నొర్బెర్తో అద్దం తుడుస్తూనే ఉన్నాడు. తుడిచి తుడిచి అటుపక్క ఖాళీ టైరుని చూసేవాడు. మామూలు టైరే. అయినా అద్దం మళ్ళీ మసకబారే దాకా దాన్నే చూసేవాడు.

ఇప్పుడతనికి మిగిలింది ఒకటే, ఆ పందెం సక్రమంగా నడపడం. గెలవాలని కాదు. ఆమె చెప్పిన ప్రతి మాటా విన్నానని, లెక్క అర్థమైందని, సరైన చక్రమే ఎంచుకున్నానని ట్రాకు పక్కనున్న ఆమెకి తెలియాలి. రోజూ మధ్యాహ్నం ఊరు కునికే వేళ ఖాళీ మట్టి రోడ్డు మీద కార్టు నడిపి చూశాడు. ఒక్కో చక్రమూ మార్చి మార్చి బిగించాడు. మొదటిసారి ఆమె మాటలు చేతికి తెలిశాయి. నలభై మూడు బిగిస్తే మలుపు దాటాక బండి ఊపిరి పీల్చుకోవడం తెలిసింది. నలభై ఒకటి బిగించిన రోజున ఇంజను అరవనూ లేదు, మూలగనూ లేదు. హాయిగా పాడింది. మోటార్‌సైకిల్‌కి ఉన్నప్పుడు కూడా అది అంత సుఖంగా ఎప్పుడూ లేదు. అతను బండి ఆపి, రోడ్డు మధ్యలో అలాగే కూర్చుని నవ్వుకున్నాడు. చెప్పుకోడానికి ఎదురుగా ఎవరూ లేరు.

పండగ ముందురోజు ఆ చక్రం కోసం చేయి చాపితే దేలియా అడ్డం నిలబడింది.

"దీన్ని ఇవ్వను."

"అక్కా, రేపు పందెం!"

"రేపు పండగ కూడా. క్లబ్బు భోజనాలకి, చర్చి భోజనాలకి, మేయరు ఇంటికి, అందరికీ పళ్ళ రవియోలీయే కావాలిట. ఒరేయ్, నీ మోటార్‌సైకిల్ పోతే నడిచాను. నీ కోడిపిల్లలు పెరట్లో తిరిగితే ఊరుకున్నాను. దీని జోలికి మాత్రం రాకు."

"నలభై మూడు?"

"పెద్ద రవియోలీలకి."

"నలభై అయిదు?"

"అంచు పట్టీలకి. అన్నీ నీళ్ళలో మరుగుతున్నాయి. అదిగో, ఆ పళ్ళెమంతది ఉంది, తీసుకో. దాంతో కోస్తే ఒక్కో రవియోలీ దిండంత వస్తోంది."

అలా, సరైన నిష్పత్తి ఏదో ఊళ్ళో అందరికంటే బాగా తెలిసి కూడా, నొర్బెర్తో క్వాలియా ఎవరూ వాడని చక్రం బిగించుకుని పందానికి వెళ్ళాడు.

ఆ తెల్లవారుజామున వాన కురిసింది. ట్రాకంతా చాక్లెట్ ముద్దలా తయారైంది. వాయిదా వేద్దామా అని ఎవరో అంటే దోన్ రుఫీనో మండిపడ్డాడు. "మాంసం నిప్పుల మీదికెక్కింది. దాన్ని వాయిదా వేస్తావా?" యాభై దాటిన పదిమంది హెల్మెట్లు పెట్టుకున్నారు. గ్రిసెల్దా వ్యాను మొదటి మలుపు లోపలివైపు ఆగి ఉంది. ఆమె కిటికీ దించలేదు.

జెండా ఊగింది. అల్సీదెస్ అనే మందులషాపాయన ఇంజను తడిసి స్టార్టు కాలేదు, పందెం మొదలయ్యేదీ ముగిసేదీ ఒకటే అయిన గీత దగ్గరే అతను ఉండిపోయాడు. మిగిలిన ఎనిమిది మందీ బాణాల్లా దూసుకెళ్ళారు. నొర్బెర్తో ఇంజను మాత్రం పందిని పట్టినట్టు అరిచింది. ఆ అరుపుకి ప్రేక్షకులు చెవులు మూసుకున్నారు. బండి మటుకు ఊరేగింపులో విగ్రహంలా కదిలింది. తువ్వాలు భుజాన వేసుకున్న ఒక ముసలాయన పక్కనే నడుస్తూ, "ఏం నాయనా, ఆరోగ్యం బాగుందా?" అని పలకరించాడు కూడా.

మొదటి మలుపు దగ్గర ఆ ఎనిమిది మందీ బురదలో కూరుకుపోయి కనిపించారు. చిన్న అంకె వేసుకున్న బండ్లు. తిన్నటి దారిలో గాలి, బురదలో బండరాళ్ళు. చక్రాలు తిరుగుతున్నాయి, బురద లేస్తోంది, బండి దిగబడుతోంది. నొర్బెర్తో ఎద్దులా లాక్కుంటూ వాళ్ళ మధ్యలోంచి దాటాడు. జనంలో ఒక్కసారి కేక లేచింది. ఇక అతను తిరుగుతూ ఉంటే చాలు, ఎంత సేపైనా సరే, గెలుపు అతనిదే.

"నొర్బెర్తో! ఒరే, తాడు!" అని దోన్ రుఫీనో మోకాళ్ళ దాకా బురదలోంచి చేతులెత్తాడు. అతనూ ఆ ఎనిమిదిమందిలో ఒకడు.

ఇంకొకడైతే చూడనట్టు పోయేవాడు. నొర్బెర్తో ఆగాడు. తాడు కట్టి దోన్ రుఫీనోని గట్టు మీదికి లాగాడు. తర్వాత రెండోవాణ్ణి లాగాడు, తర్వాత మూడోవాణ్ణి. గట్టు మీదికి లాగిన ప్రతివాడూ ట్రాకు దాటినట్టు లెక్క కాబట్టి రూలు ప్రకారం పందెంలోంచి పోతున్నాడని ఎవరికీ తట్టలేదు. ప్రతి లాగుడికీ జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడే వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది. గ్రిసెల్దా వెళ్ళిపోతోంది. వ్యాను నాలుగు గజాలు కదిలి, ట్రాకుకి అడ్డంగా, ఇరుసుల దాకా దిగబడింది.

నొర్బెర్తో వెళ్ళి ఏమీ మాట్లాడకుండా తాడు కట్టాడు. బరువు కోసం దోన్ రుఫీనో, ఇంకో ఇద్దరు భారీ మనుషులు కార్టు వెనక ఎక్కి నిలబడ్డారు. ఇంజను ఆకాశాన్ని అంటేలా అరిచింది. వ్యాను కదిలింది! ఒక జానెడు, ఇంకో జానెడు. తర్వాత ఫట్‌మని చైను తెగి, పాములా ఎగిరి బురదలో పడింది. కార్టు, వ్యాను, ముగ్గురు భారీ మనుషులు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే వాన మళ్ళీ అందుకుంది. "మాంసం మాడిపోతుందిరా!" అని ఎవరో కేకేశారు. ఊరు ఊరంతా రేకుల షెడ్డు కిందికి పరిగెత్తింది.

నొర్బెర్తో కార్టులోనే కూర్చుండిపోయాడు. హెల్మెట్ మీద వాన టపటపా కొడుతోంది. వ్యాను తలుపు తెరుచుకుంది.

"లోపలికి రా, తడుస్తున్నావు" అంది గ్రిసెల్దా.

'రా' అంది. అతను విన్నది నిజమేనా అని ఒకసారి సరిచూసుకుని, బూట్లు విదిలించి ఎక్కాడు. లోపల గ్రీజు వాసన, తడి ఉన్ని వాసన. గ్రిసెల్దా వైపర్ వేసింది.

"వెనక అంత పెద్దది ఎందుకు వేశావు? నలభై ఒకటి కదా సరైనది."

"తెలుసు. బిగించి చూశాను. దాంతో పాడుతుంది బండి." అతను హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ పూట దాంతో రవియోలీలు కోస్తున్నారు. గ్రిసెల్దా, ఒక్క మాట చెప్పనీ. మొదటిరోజు నాకు కార్టు లేదు. అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"తెలుసా?"

"ఈ ఊళ్ళో తిరిగే ప్రతి కార్టు ఇరుసూ మా బల్ల మీంచి వెళ్ళిందే. నీకు కార్టు లేదని నాకు తెలీదా? లేని కార్టు మలుపులో మూలుగుతోందని వచ్చావు. నేను ఎంత కష్టపడి నవ్వు ఆపుకున్నానో నీకేం తెలుసు."

"మరి చక్రాలెందుకు ఇచ్చావు?"

"ఇవ్వకపోతే నువ్వు మళ్ళీ వారం ఏం చెప్పుకుని వస్తావు?" ఆమె స్టీరింగు మీద గోటితో గీసింది. "నా కోసం వస్తున్నావనుకున్నాను. యాభై ఏళ్ళ దాన్ని, మంగళవారం పొద్దున్నే అద్దం ముందు నిలబడి జుట్టు మూడు రకాలుగా దువ్వుకునేదాన్ని. మా నాన్న ఎవరు పోయారే అని అడిగాడు. ఆ ఆదివారం రవియోలీ మీద నా చక్రం పళ్ళు చూశాక... ఓహో, మనిషి వచ్చింది పిండి కోసమా, నాకెందుకింత ఆశ, అనుకున్నాను. కోపం నీ అబద్ధానికి కాదు నొర్బెర్తో. నువ్వు నిజంగానే చక్రాల కోసమే వచ్చావేమోనని."

నొర్బెర్తోకి చెప్పాల్సింది చాలా ఉంది. అద్దం గురించి, షట్టరు గురించి, ఉప్పు మరిచిపోయిన రోజు గురించి. అవన్నీ ఒకేసారి తలుపు దగ్గరికి తోసుకొచ్చి ఇరుక్కుపోయాయి. చివరికి బయటపడింది ఒక ప్రశ్న.

"నువ్వు రోజూ టైరు మీద కూర్చుని ఎటు చూస్తావు?"

"మీ కిటికీ వైపు" అంది గ్రిసెల్దా. "లోపల ఏముందో ఎప్పుడూ సరిగ్గా కనపడి చావదు. ఆ అద్దానికి ఎప్పుడు చూసినా ఆవిరే."

బయట వాన జోరు పెంచింది. షెడ్డు కింద పళ్ళాలు, గొడవ, నవ్వులు. ఎవరో వీళ్ళ పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ తలుపు పిడి మీద చేయి వేయలేదు. కొంతసేపటికి ఆమె చేయి స్టీరింగు మీంచి జారి సీటు మీదికొచ్చింది. అతను గ్రీజంటిన తన చేతిని ప్యాంటుకి తుడిచి తుడిచి, ఇక తుడవడం వల్ల లాభం లేదని తేల్చుకుని, దాని మీద వేశాడు.

భోజనాల తర్వాత క్లబ్బు కమిటీ కూర్చుని రూల్సు చదివింది. పందెం ఎవరూ పూర్తి చేయకపోతే, ట్రాకు మీద ఉన్నవాళ్ళలో గమ్యం గీతకి దగ్గరగా ఉన్నవాడికి కప్పు ఇవ్వాలిట. కప్పు అల్సీదెస్‌కి వెళ్ళింది. ఇంజను స్టార్టు కాని కారణంగా అతను ఆ గీత వదిలి ఎక్కడికీ పోలేదు.